సాక్షి ఎవరి పక్షం?

ఆకలితో ప్రాణం పోతున్న మనిషి ఎదుట నిలబడి ఛాయాచిత్రం తీసేవాడు చేస్తున్నది ధర్మమేనా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మనవాళ్లు చిత్రకారుడి గుండెలోకి తొంగి చూస్తారు. అతనికి దయ ఉందా, లేక వట్టి పేరు కోసం తీశాడా అని అడుగుతారు. నా దృష్టిలో ఇది గుండెకు సంబంధించిన ప్రశ్న కాదు. చూసేవాడికీ, చూడబడేవాడికీ, ఆ చిత్రాన్ని అందుకునేవాడికీ మధ్య ఉన్న సంబంధాన్ని గురించిన ప్రశ్న. ఒక మనిషి జీవితాన్ని తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది.

సునీల్ జానా 1918లో అస్సాంలో పుట్టి కలకత్తాలో పెరిగాడు. ఆంగ్ల సాహిత్య విద్యార్థి. 1943లో వంగదేశపు కరువు మొదలైనప్పుడు కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషీ అతన్ని చదువు మాన్పించి, తన వెంట కరువు జిల్లాలకు తీసుకువెళ్లాడు. జోషీ రాశాడు, జానా చిత్రాలు తీశాడు. అవి ‘పీపుల్స్ వార్’ పత్రికలో వచ్చాయి. జోషీ నాయకత్వం 1948లో పోయాక జానా పార్టీకి దూరమై కలకత్తాలో స్టూడియో పెట్టుకున్నాడు. తరువాత ఢిల్లీ, లండన్, చివరకు అమెరికాలోని బర్కిలీ. 2012లో అక్కడే కన్నుమూశాడు. అప్పటికి చూపు దాదాపు పోయింది. నివసించిన నగరాలనూ, తిరిగిన ఊళ్లనూ గురించిన అతని స్మృతులూ చిత్రాలూ 2013లో ‘ఫొటోగ్రాఫింగ్ ఇండియా’ అనే పుస్తకంగా వెలువడ్డాయి.

కెమేరా కింద పెట్టి గంజి పొయ్యవలసింది కదా అనేవారున్నారు. ఈ మాటలో సత్యం లేకపోలేదు. ఎదుట ఉన్న ఒక్క మనిషి విషయంలో గంజే ముందు, చిత్రం తరువాత. కాని ఆనాడు ఆ రాజ్యంలో కరువును కరువని అనటానికే ప్రభుత్వం సిద్ధంగా లేదు. వార్తల మీద యుద్ధకాలపు ఆంక్షలున్నాయి. ఛాయాచిత్రాల మాట మాత్రం ఆ నిబంధనల్లో లేదు. ఆ సందు చూసుకునే కలకత్తా ‘స్టేట్స్‌మన్’ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ 1943 ఆగస్టు 22న వీధుల్లో పడి ఉన్నవారి బొమ్మలు అచ్చువేశాడు. అప్పుడుగాని ఢిల్లీకీ లండనుకూ కళ్లు తెరుచుకోలేదు. గంజి ఒక ప్రాణాన్ని ఒక పూట నిలుపుతుంది. గంజి కేంద్రాలు తెరవక తప్పని స్థితిని కల్పించటానికి మాత్రం సాక్ష్యం కావాలి. ఈ రెంటినీ ఒకదాని మీదికి ఒకటి ఎగదొయ్యటం తప్పు.

ఇక ఊరివాడికీ, ఊరు చూడవచ్చినవాడికీ ఉన్న తేడా. ఊరివాడు నిజం చెబుతాడు, వచ్చినవాడు పైపైన చూసి పోతాడు అన్నది మనకు అలవాటైన భావం. కలకత్తా దీన్ని సగమే ఒప్పుకుంటుంది. గింజ పండించిన పల్లె జనం నగరానికి నడిచివచ్చి దాని కాలిబాటల మీద చనిపోతుంటే, రోజూ ఆ బాటనే నడిచే నగరవాసి కంటికి కొన్నాళ్లకు అది మామూలైపోయింది. అలవాటు కంటికి పొర కమ్ముతుంది. బయటివాడికి ఆ పొర ఉండదు. అతనికి ఉన్న ప్రమాదం వేరు: సాయంత్రానికి రైలెక్కి వెళ్లిపోతాడు గనుక, తాను తీసినదానికి ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు.

మార్గరెట్ బర్క్-వైట్ ఉదాహరణ చూడండి. జానాతో కలిసి మన దేశంలో పనిచేసిన గొప్ప చిత్రకారిణి ఆమె. ఆమె ధైర్యాన్ని ఎవరూ కాదనలేరు. కాని 1947లో పంజాబులో కాందిశీకుల బారును చిత్రించేటప్పుడు, బొమ్మ కుదరలేదని ఆ అలసిన జనాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి నడిపించిందని, కాదనటానికి వాళ్లు భయపడ్డారని ఆమె వెంట ఉన్న విలేఖరే తరువాత చెప్పింది. ఆ బొమ్మలు అబద్ధాలు కావు, ఆ వలస నిజమే. అయినా ఒక్క నిమిషం ఆ మనుషులు ఆమె పనికి సరుకయ్యారు. నీతి తప్పింది అక్కడే.

చిత్రానికి మరొక పరిమితి ఉంది. అది ఆకలిని చూపగలదు, ఆకలికి కారణాన్ని చూపలేదు. 1942లో బర్మా జపాను చేతికి పోయి అక్కడి బియ్యం ఆగిపోవటం, శత్రువుకు దక్కకూడదని తీరప్రాంతపు పడవలను సర్కారు లాగేసుకోవటం, యుద్ధపు ఖర్చుతో ధరలు పెరిగి కూలివాడి డబ్బు బియ్యాన్ని అందుకోలేకపోవటం, దాచిన బస్తాలు – ఇవేవీ కటకం లోపలికి రావు. 1941లో కంటే 1943లో వంగదేశంలో తిండిగింజలు తక్కువ లేవని 1981లో అమర్త్య సేన్ లెక్కలతో వాదించాడు. చచ్చినవారు పదిహేను లక్షలని 1945 నాటి విచారణ సంఘం అంచనా. ముప్ఫై లక్షల దాకా అని తరువాతి పరిశోధకులు. కారణం తెలియని బొమ్మ చూసినవాడు విధిని తిట్టుకుని నిట్టూర్చి పేజీ తిప్పుతాడు. జోషీ రాతా జానా బొమ్మా పక్కపక్కన నిలవటంలోని విలువ అదే.

అదే కాలంలో మిడ్నపూరు జిల్లాలో తిరిగిన చిత్తప్రసాద్ తన గీతల పక్కన మనిషి పేరూ, బతుకుతెరువూ రాసుకున్నాడు. ఆ పుస్తకం ‘హంగ్రీ బెంగాల్’ ప్రతులను బ్రిటిషు ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. ఎముకల గూడుకు పేరు పెడితే అది మనిషవుతుంది. ఆ మనిషిని చంపినవాడెవడన్న ప్రశ్న వెంటనే లేస్తుంది. ప్రభుత్వం భయపడింది ఆ ప్రశ్నకు.

నేడు నా విద్యార్థులందరి జేబుల్లోనూ కెమేరా ఉంది. మురికివాడా, వలసకూలీ, పాతబస్తీ గోడా రోజుకు వేలసార్లు బొమ్మలవుతున్నాయి. “తియ్యవచ్చా, కూడదా?” అని వాళ్లు నన్ను అడుగుతుంటారు. అడగవలసింది అది కాదు. బీదవాడికి కూడా తన ముఖం మీద తనకు హక్కుంది. రేషన్ కార్డులోనూ, పోలీసు దస్త్రంలోనూ, కరువు వార్తలోనూ తప్ప అతని ముఖం ఎక్కడా కనిపించని సమాజంలో ఆ హక్కు మరీ బరువైనది. అందుచేత మూడు సంగతులు తేల్చుకోవాలి: అతను కాదనగలిగే స్థితిలో ఉన్నాడా? అతని పేరూ, అతని దుస్థితికి కారణమూ బొమ్మ వెంట వెళుతున్నాయా? ఆ బొమ్మ రేపు అతని ముందు పెడితే, తీసినవాడు తలెత్తుకుని నిలబడగలడా?

సాక్షికి పక్షం ఉండకూడదని న్యాయస్థానం అంటుంది. చరిత్రలో అలాంటి సాక్షి లేడు. కెమేరా ఎటు తిప్పాలో నిర్ణయించుకున్న క్షణంలోనే చిత్రకారుడు పక్షం ఎంచుకున్నాడు. ఆ ఎంపికకు బాధ్యత వహించినవాడి జ్ఞాపకాలు ఒక జాతి జ్ఞాపకాలవుతాయి. వహించనివాడివి గోడకు తగిలించుకునే బొమ్మలుగానే మిగిలిపోతాయి.