పిల్లలకు వేరే వరుస వద్దు

విదేశాల్లో ఇద్దరు తెలుగు అమ్మలు కలిస్తే మూడో మాటకల్లా వచ్చేది, "మావాడు ఏమీ తినడండీ!" నెల్లూరు నుంచి అమ్మమ్మ వీడియో కాల్‌లో "బిడ్డ చిక్కిపోయాడే" అంటుంది. ఆ మాట గుచ్చుకున్న అమ్మ ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో ఐప్యాడ్ పట్టుకుని వాడి వెంట తిరుగుతుంది.

ముందు కాస్త లెక్క చూద్దాం. పుట్టినప్పటి బరువు ఏడాది నిండేసరికి దాదాపు మూడింతలవుతుంది. రెండో ఏట పెరిగేది మాత్రం రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ నెమ్మదిస్తుంది. పైగా రెండు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు కొత్త తిండిని అనుమానంగా చూడటం మామూలే. బరువు తగ్గుతున్నా, మింగడానికి కష్టపడుతున్నా డాక్టరుకు చూపించాలి. మిగిలిన వాళ్లతో ఓపిక పట్టాలి.

ఆ ఓపికకు ఒక పద్ధతి ఉంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల పని. తినాలా వద్దా, తింటే ఎంత అన్నది పిల్లల ఇష్టం. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన సూత్రమిది. రెండేళ్ల పిల్లలపై లియాన్ బర్చ్ బృందం 1982లో ప్రచురించిన పరిశోధనలో, ఎంత ఎక్కువసార్లు రుచి చూస్తే ఆ పదార్థం మీద ఇష్టం అంత పెరిగిందని తేలింది. ఒకసారి ఉమ్మేశాడని జన్మలో తినడని తేల్చేయకూడదు.

నెల్లూరు జిల్లాలో మైపాడు, కోడూరు వైపు మా ఊళ్లలో చిరుతిండికి ఒక వేళ ఉండేది. బడి వదిలాక అలసంద గుగ్గిళ్లో, బొరుగులో, శనక్కాయల ఉండో చేతికొచ్చేది. కాలాన్ని బట్టి ముంజలు, తేగలు. మళ్లీ రాత్రి అన్నం దాకా ఏమీ ఉండేది కాదు కాబట్టి, అన్నం వేళకు కడుపే పిలిచేది. ఇక్కడి పిల్లలకు కారు సీట్లో బిస్కెట్లు, సోఫాలో జ్యూసు. ఇక ఆకలికి చోటెక్కడ?

ఆ చిరుతిండి వేళను ఇక్కడా తెచ్చుకోవచ్చు. దోసె పిండిలో కాస్త రాగిపిండి, తురిమిన క్యారెట్, సన్నగా తరిగిన పాలకూర కలిపి గుంటల పెనంలో పోస్తే పులిబొంగరాలు సిద్ధం. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది. పిండి కలిపే పని పిల్లలకే ఇవ్వండి. మన జిల్లా ఉదయగిరిలో చెక్కిన చిన్న కొయ్య గరిటె చేతికిస్తే సరదాగా కలుపుతారు. వేడి పెనం దగ్గర పని మీది. నువ్వులు, బెల్లం దంచి ఇస్తే ఉండలు వాళ్లే చుడతారు. అయితే బెల్లమూ తీపే. రెండేళ్లు దాటిన పిల్లలకు కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములు మించకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అంటుంది, బెల్లమూ ఆ లెక్కలోకే వస్తుంది. నాలుగేళ్లలోపు వాళ్లకు శనగ్గింజలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, పొడి చేసి పెట్టాలి. శనక్కాయలు, నువ్వులు కొందరికి పడవు. బడికి పంపేముందు అక్కడి నియమం కనుక్కోండి. చేపల పులుసు పెట్టాలనుకుంటే ముల్లు తీసి, ముక్కకున్న కారం కడిగి పెట్టడం మన అమ్మలు చేసిందే.

తిండితో పాటు పిల్లలకు అందాల్సింది ఇంకొకటుంది. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, చివరికి విదేశీయాన రొట్టె కూడా! ఇచ్చేవాళ్ల మతం ఎవరూ అడగరు. ఎదుటి మనిషి చేతి తిండిని నమ్మి తీసుకోవడం, మన చేతిది పంచడం అక్కడ చిన్నప్పుడే అబ్బుతుంది. మీ అమ్మాయి చుట్టిన మొదటి ఉండ పక్కింటి స్నేహితురాలికి ఇప్పించండి, వాళ్లింట్లో అడిగి మరీ. రెండోది తనే అడిగి తింటుందేమో చూడండి.

మరి ఇక్కడి మన తెలుగు సంఘాల్లో చేస్తున్నదేమిటి? వేడుకల్లో పెద్దలకు పప్పు, గోంగూర, పులుసు. పిల్లలకు పక్కన పిజ్జా వరుస. ఇది నీ తిండి కాదని వాళ్లకు మొదట చెబుతున్నది మనమే. వేదిక మీద పద్యాలు చెప్పించి, బల్ల దగ్గర వేరు చేస్తున్నాం. వచ్చే ఉగాదికి ఒకే వరుస పెడదాం. అందులో కారం తక్కువ వంటలు రెండు ఉంచుదాం. మధ్యాహ్నం ఒక గంట పిల్లలే పిండి కలిపి, పులిబొంగరాలు వడ్డించేలా చూద్దాం. పెనం దగ్గర నిలబడటానికి నా పేరు ఇప్పుడే రాసుకోండి.