మానై వంగునా?

“మొక్కై వంగనిది మానై వంగునా?” అని మనము తరచుగా అందుము. ముదిమియందు సంఘములోనికి వచ్చినవారిని చూచి, వీరు మారుదురా అని సందేహింతుము. నీకొదేమునకును ఇట్టి సందేహమే కలిగెను (యోహాను 3వ అధ్యాయము).

ఎదిగినవారి మెదడులో క్రొత్త నాడీకణములు పుట్టవని శాస్త్రజ్ఞులు చాలకాలము తలంచిరి. 1960వ దశకములో జోసఫ్ ఆల్ట్‌మన్ ఎదిగిన ఎలుకలలో వాటిని చూపినను, లక్ష్యపెట్టినవారు కొద్దిమందే. 1998లో, స్వీడనులో మరణించిన కొందరు కేన్సరు రోగుల మెదళ్లలో, జ్ఞాపకశక్తికి ముఖ్యమైన భాగమందు, అట్టి కణములు కనబడెనని ప్రకటించిరి. 2018లో మరికొందరు పరిశోధకులు పెద్దవారిలో అవి కనబడలేదనిరి. ఆ వాదము తీరలేదు. ఎలుకలలో మాత్రము, పుట్టిన కణములలో అనేకము కొద్ది వారములలో నశించుననియు, క్రొత్త పాఠము నేర్చినయెడల ఎక్కువ నిలుచుననియు కనుగొనిరి.

మన నిరీక్షణ కణములమీద నిలువలేదు. జ్ఞాపకము పోయిన వృద్ధులను సహా దేవుడు మరువడు. అయినను మనము జవాబు చెప్పవలసిన ప్రశ్న ఒకటున్నది. మారడని తీర్పుతీర్చి నేర్పుట మానినయెడల, అతడు మారకపోవుటకు కారణము అతని వయస్సా, మన అలక్ష్యమా?

ఈ నెలలో చదువురాని ఒక అవ్వకు ఒక వాక్యమైనను ఓపికతో నేర్పుదము.