మారుపేరు పెట్టు హక్కు

సోమాలి జాతివారిలో ఒక మనుజునకు తండ్రి పెట్టిన పేరొకటి, ఊరు పెట్టిన పేరు మరియొకటి యుండుట సర్వసాధారణము. మహమ్మదులును, హసనులును, అలీలును అడుగడుగునకు ఎదురగు ఆ సమాజములో, తన పేరునకు తండ్రి పేరును తాత పేరును చేర్చి చెప్పుకొన్నను, అదే మూడుపేర్ల వరుస గలవాడు మరియొకడు ప్రక్కవీథిలోనే యుండుట యరుదు గాదు. కావున చుట్టుపట్లవారు వానిని వాని దేహమునందో నడవడియందో కానవచ్చు నేదో యొక విశేషముచేత గుర్తింతురు. పొడవైనవాడు ‘డేరే’ యగును, పొట్టివాడు ‘గాబ్’ యగును. కంటిలో లోపమున్నవానికి ఆ లోపమే, కాలు ఈడ్చువానికి ఆ యీడ్పే నామధేయ మగును. ఇట్టి మారుపేరును వారు ‘నానైస్’ అందురు. ఇది చాటున గుసగుసలాడు మాట కాదు. ముఖముననే పిలుతురు, పిలువబడినవాడు పలుకును. 1969 మొదలు 1991 వరకు ఆ దేశము నేలిన సైన్యాధిపతి సియాద్ బర్రేకు ప్రజ లిచ్చిన పేరు ‘అఫ్‌వైనే’, అనగా పెద్దనోటివాడు. 2017లో అధ్యక్షపీఠ మధిష్ఠించిన మహమ్మద్ అబ్దుల్లాహి మహమ్మదును లోకమంతయు ‘ఫర్మాజో’ యనియే యెరుగును. చీజును ఇటలీవా రే మాటతో పిలుతురో ఆ మాటయే సోమాలీల నాలుకపై నిట్లు మారినది; దక్షిణభాగము నేలిపోయిన ఇటలీవారి జాడ ఒక రాష్ట్రపతి మారుపేరులో నిలిచినది.

ఇంతవరకు వేడుకగానే యున్నది. కాని యీ జాతి మతవిషయమున ఉదాసీనమైనది గాదు. సోమాలీలు దాదాపుగా అందరును సున్నీ ముస్లిములు, షాఫియీ ధర్మశాస్త్ర సంప్రదాయము ననుసరించువారు. ఖాదిరీయ, సాలిహీయ మొదలగు సూఫీ మార్గములు వారి పచ్చికబయళ్ళలో తరతరములుగా వేరూనినవి. వారి పిల్లలు చెక్కపలకలపై వ్రాసి వల్లించు ఖురానునందు ‘హుజురాత్’ అను 49వ సూరా, అనగా అధ్యాయము, కలదు. అందలి 11వ ఆయతు, అనగా వాక్యము, ఒక జనము మరియొక జనమును గేలి సేయరాదనియు, గేలికి గురియైనవారే గేలి సేసినవారికంటె మేలివారై యుండవచ్చు ననియు, స్త్రీలకు సైతము ఇదియే నియమ మనియు, ఒకరినొకరు మారుపేర్లతో నొప్పింపరా దనియు స్పష్టముగ శాసించుచున్నది. మరి, దినమున కైదు మారులు నమాజు సేయు కుంటివా డొకడు, తన భుజమునకు భుజ మానించి నమాజు సేసి వెలుపలికి వచ్చిన మిత్రునిచేత ‘ఓయి కుంటీ’ యని పిలిపించుకొని నవ్వుచు బదులు పలుకుట యెట్లు సంభవించుచున్నది? ఇది విస్మృతియా, అవిధేయతయా, లేక ఆ శాసనమును మనకంటె లోతుగా గ్రహించుటయా? నా అభిప్రాయమున, ఇది ఒక జాతి యలవాటునకు సంబంధించిన చిన్న ప్రశ్న గాదు. ఒకరిని నవ్వుటకు మనకు హక్కెచ్చటనుండి వచ్చుచున్నదను పెద్దప్రశ్న దీని వెనుక నున్నది.

ఆ ఆయతు అవతరించిన సందర్భమును, ప్రవక్త మాటలను చేతలను నివేదించు హదీసు సంప్రదాయ మిట్లు చెప్పును. ప్రవక్త మదీనాకు వచ్చునప్పటికి బనూ సలిమా తెగవారిలో ఒక్కొక్కనికి రెండు మూడు పేర్లుండెడివి. ఆయన యొకనిని అందొక పేరుతో పిలువగా, ప్రక్కనున్నవారు, ఆ పేరు వినిన అతనికి కోపము వచ్చునని విన్నవించిరి. గమనింపదగిన దేమనగా, అచ్చట తప్పుపట్టబడినది పేరులోని యర్థము కాదు. ఆ పేరు వినినవాని మనస్సు నొచ్చుటయే యచ్చట ప్రమాణమైనది. కావుననే పిదపటి ధర్మవేత్తలు, అంగవైకల్యమును సూచించు పేరైనను, దానిచేతనే ఒకడు ప్రసిద్ధుడై, తృణీకారబుద్ధి లేక గుర్తించుటకై పలికినచో దోషము లేదనిరి. హదీసు నివేదకులలో మహాపండితు డొకడు ‘ఆమష్’, అనగా నీరుకారు కన్నులవాడు, అను పేరుతోనే గ్రంథములందు వెలసియున్నాడు. మరియొకడు ‘ఆరజ్’, అనగా కుంటివాడు. వేయేండ్లుగా విద్యార్థులు ఆ పేర్లను భక్తితో నుచ్చరించుచున్నారు.

ప్రవక్తయు పరిహాసమాడె నని సంప్రదాయము చెప్పుచున్నది. ఒకడు వచ్చి యెక్కిపోవుటకు వాహన మడుగగా, ఆయన ఒంటెపిల్ల నొకదాని నిత్తుననెను. పిల్ల నేమి చేసికొందునని యతడు దిగులుపడగా, లోకమునందలి ఏ ఒంటె యైనను మరియొక ఒంటె కన్న పిల్లయే గదా యని నవ్వించెను. ఒంటెల మందనే సంపదగా నెంచి బ్రతికిన సోమాలి పశుపాలకు డీ కథ విన్నప్పుడు, అది పరదేశపు కథ యని యతనికి తోచియుండదు. అందు అబద్ధ మొక్కటియు లేదు. వినినవాడు చులకన గాలేదు. కథాంతమున నతనికి కోరిన ఒంటెయు దక్కినది. ఈ మూడింటిలో మూడవదానిని మనము తరచుగా మరతుము. నవ్వించినవాడు నవ్వింపబడినవాని యక్కర తీర్చెను. పదుమూడవ శతాబ్దివాడును, షాఫియీలకు పరమప్రమాణుడును అగు నవవీ, హృదయమును కఠినము సేయు నెడతెగని వేళాకోళమునే నిషిద్ధమనియు, ఎదుటివాని మనస్సునకు హాయి గొల్పు మితపరిహాసము ప్రవక్త మార్గమే యనియు వివరించెను. అతనికంటె పూర్వుడగు గజాలీ జిహ్వవలని యాపదలను లెక్కించుచు వేళాకోళమును గూడ నందు చేర్చెను. ఇరువురును సత్యమే చెప్పిరి. ఒకే కత్తికి ఒకరు పిడిని, ఒకరు మొనను చూపిరి.

మాటయొక్క మొన యెంత పదునో సోమాలీలకంటె నెరిగినవారు తక్కువ. వారి భాషకు అధికార లిపి యేర్పడినది 1972లో. అంతకు పూర్వము వారి చరిత్రయు, న్యాయమును, కలహమును, సంధియు అధికభాగము కంఠమునందే నివసించినవి. ‘గబయ్’ అను వారి గంభీర పద్యమున నే యక్షరముతో వడి సాగింపబూనిరో, ఆ యక్షరమే పద్యము ముగియువరకు ప్రతి పాదమునను ధ్వనింపవలెను. యతిప్రాసల నియమములో పెరిగిన తెలుగువారికి ఆ కట్టుదిట్టమునందలి కష్టమును సుఖమును వివరింపనక్కరలేదు. అట్టి పద్యములతో ఒక తెగ కవి మరియొక తెగను దెప్పగా, ఆ తెగ కవి బదులు చెప్పగా, ఇట్లు గొలుసులు గొలుసులుగా సాగిన వాదకవిత్వము వారిలో కలదు. 1920ల ప్రాంతమున మొదలై యేండ్లతరబడి సాగిన యొక గొలుసునకు ‘గుబ’ యని పేరు. దహించునది యని దాని యర్థము. పద్యము మనోహరమే, కాని అది రగిల్చిన పగలును అట్లే కంఠస్థమై నిలిచినవి. ఇది యెరిగియే వారి ఆచారన్యాయమైన ‘హేర్’, ప్రాణహానికి ‘మగ్’ అను పరిహారమును విధించినట్లే, పరువునకు తగిలిన గాయమునకు ‘హాల్’ అను పరిహారమును ఏర్పరచినది. అనగా, నోరు జారినవాడు చెట్టునీడను కూర్చున్న పెద్దలయెదుట నిలిచి ఆ మాటకు మూల్యము చెల్లింపవలెను. పరిహాసమునకు గట్టు కట్టినవారు పెద్దలు. ఆ గట్టు ఉండుటచేతనే ఏరు నిర్భయముగ ప్రవహించినది.

1991 జనవరిలో మొగదీషులో ప్రభుత్వము కూలినది. దానితో ఆ గట్టును తెగినది. వలస యప్పుడే పుట్టెనని గాదు. 1869లో సూయజ్ కాలువ తెరవబడిన పిమ్మట ఏడెను మీదుగా ఓడలెక్కి, బొగ్గుకొలిమిలయెదుట పనిచేసి, వేల్సు దేశపు కార్డిఫ్ రేవున కాపురముండిన సోమాలి నావికులు పందొమ్మిదవ శతాబ్దినుండియే కలరు. కాని 1991 తరువాతిది వలస గాదు, వెదచల్లుట. కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరములు, నైరోబీలోని ఈస్ట్‌లీ పేట, లండను, టొరంటో, మినియాపొలిస్ – ఒకే తల్లి బిడ్డలు నాలుగు దేశముల పౌరులైరి. ఈ ప్రవాసిని వారు ‘ఖుర్బజోగ్’ అందురు. పరాయిచోట నుండువా డని భావము.

అట్టి పరాయిచోట్ల ఎచ్చట ఏలకులును దాల్చినచెక్కయు వేసి కాచిన చాయ దొరకునో అచ్చట వారు గుమిగూడుదురు. ఆ కూటమికి వారి భాషలో నొక యద్భుతమైన పేరు కలదు: ‘ఫడి-కు-దిరిర్’, కూర్చుండి పోరాడుట. రాజకీయమైన నేమి, ఫుట్‌బాల్ ఆటయైన నేమి, ఒకని క్రొత్తకోటైన నేమి, అన్నియు వాదమునకు తగినవే. అన్నముతో అరటిపండు నంజుకొనుటను గూర్చి పరులు విస్తుపోయినచో ఏకమై సమర్థించు వారే, తమలో తాము కూర్చున్నప్పుడు, ఇటలీవారి పాస్తా మరిగిన దక్షిణాదివానిని ఉత్తరాదివాడును, ఆంగ్లేయుల కింద పెరిగిన ఉత్తరాదివానిని దక్షిణాదివాడును తూర్పారపట్టుదురు. కెన్యాలో పుట్టి స్వాహిలీ కలిపి మాటలాడు సోమాలి వచ్చినచో, వానికి ‘సిజుయి’ యని పేరు సిద్ధము. స్వాహిలీలో ‘నాకు తెలియదు’ అను మాట యది. విదేశమున పెరిగి సోమాలి నుడిని తడబడుచు పలుకు కుఱ్ఱవానిని చూచి యందరును నవ్వుదురు, కాని వాని కప్పు నిండుకొనక ముందే మరియొక కప్పు చాయ వాని ముందుకు జరుగును. ఆ చాయ లేక ఆ నవ్వునకు నేను విలువ నీయను.

మన తెలుగిండ్లలో బావ మరదలిని ఏమన్నను చెల్లును. వియ్యపురాండ్రు పెండ్లిపందిట పాటలు కట్టి దెప్పుకొన్నను చెల్లును. ఆ మాటలే పొరుగువా డన్నచో తగవగును. అనగా పరిహాసహక్కు మాటలో లేదు, వావిలో నున్నది. సోమాలి ప్రవాసి యీ సూత్రమును తలక్రిందులుగ ప్రయోగించుచున్నాడని నాకు తోచును. వావి యున్నదిగాన పరిహసించుట గాక, పరిహసించి వావి యున్నదా యని పరీక్షించుచున్నాడు. ఊరు లేదు, బావి లేదు, మంద లేదు, పెద్దల చెట్టునీడ లేదు. మంచుకురియు మినియాపొలిస్ వీథిలో ఎదురైన యపరిచితుడు తనవాడా కాడా యని తెలియుట కతనికి మిగిలిన సాధన మొక్క వేళాకోళపు మాట. ‘ఓయి’ యను నర్థమున ‘వర్యా!’ యని కేకవేసి ఒక చురక యంటించును. అవతలివాడు అంతకంటె వాడియైన చురకతో తిరుగబడెనా, బంధుత్వము స్థిరపడినది. ఆ సూరాలోనే 13వ ఆయతు, మానవులను జనములుగను తెగలుగను చేయుట వా రొకరినొకరు ఎరుగుటకే యని చెప్పుచున్నది. గేలిని నిషేధించు వాక్యమునకును, ఎరుకను విధించు వాక్యమునకును నడుమ నున్నది ఒక్క వాక్యమే. అది చాటున నిందించుటను, చచ్చిన సోదరుని మాంసము తినుటతో పోల్చి, వారించునది. ఆ క్రమమును నేను పలుమారులు తలపోసితిని. ముఖముననే చెప్పబడి, వినినవానికి బదులు చెప్పు నవకాశ మిచ్చు మాట ఎరుకవైపునకు నడచును; బదులు చెప్పు నవకాశ మీయనిది 11వ వాక్యపు నిషేధము క్రిందికి దిగజారును.

ఇచ్చట నొక చీకటికోణము కలదు. దానిని దాటిపోవుట న్యాయము గాదు. ‘నీ వెవరివాడవు?’ అని వంశము నడుగు ప్రశ్న సోమాలీలలో పురాతనమైనది. ఒకప్పుడది అతిథిని ఏ గుడిసెలో దింపవలెనో, ఏ చుట్టమును పిలువవలెనో తెలిసికొనుటకై యడిగినది. అంతర్యుద్ధమున ఆ ప్రశ్నకు సమాధానమే మొగదీషు వీథులలో ప్రాణమునో మరణమునో నిర్ణయించినది. ఇప్పు డదే ప్రశ్నను, అదే తెగల పేర్లను, ఆ తెగవారు పిసినారులనియు ఈ తెగవారు డాంబికులనియు ప్రవాసులు హాస్యమునకు వాడుకొనుచున్నారు. ధర్మపరులగు కొందరు దీనిని నిరసింతురు. ఆరని నిప్పుతో ఆట యేల యందురు. మరికొందరు, భయపడి పలుకని పేరు విషమగుననియు, నవ్వుచు పలికినచో పేరు మరల పేరే యగుననియు వాదింతురు. నా హృదయము రెండవవారివైపు మొగ్గుచున్నది, కాని బుద్ధి మొదటివారిని విడువనీయదు; ఏలయన, నవ్వువారిలో నొకని తమ్ముడు ఆ ప్రశ్నకు బదులు చెప్పియే మరణించి యుండవచ్చును. అట్టివాడు మౌనముగ చాయకప్పు క్రిందనుంచెనా, ఆ క్షణమున హక్కంతయు వానిదే. మదీనాలో పేరు వినిన కోపము వచ్చిన ఆ మనుజు నుద్దేశించి దిగివచ్చిన వాక్యము, ఆ కప్పు క్రిందనుంచినవానికై మరల దిగివచ్చినట్లే భావింపవలెను. పెద్దలు లేరు గనుక ‘హాల్’ విధించువారును లేరు. నవ్వించినవాడే తనకు తాను న్యాయాధిపతియై, లేచి వెళ్ళి, క్షమాపణ కోరవలెను. కోరువా రున్నారు. అందుచేతనే ఆ కూటములు నిలిచియున్నవి.

స్త్రీల కూటములను గూర్చి పురుషులు తక్కువగా చెప్పుదురు, కాని వారి ‘బురాంబుర్’ పద్యములను విస్మరింపరాదు. లండనులోనైనను టొరంటోలోనైనను పెండ్లి జరిగినచో, స్త్రీలు వలయముగ నిలిచి చప్పట్లు చరచుచుండగా, ఒకతె నడుమకు వచ్చి పెండ్లికూతురి వంశమును పొగడుచు, సందుచేసికొని పెండ్లికొడుకువారిని సున్నితముగ పొడుచును. పొగడ్తయు పొడుపును ఒకే యూపిరిలో నుండుటచేత నొప్పి తగులదు.

ఇక యువకులు. వారి నోట ప్రతి రెండవ మాటయు ‘వల్లాహి’, అనగా దేవునితోడు. లండను వీథులలో సోమాలీలు గాని పిల్లల నోట సైతము ఈ మాట నేడు వినబడుచున్నది. చిన్న చాడీకిని, పెద్ద గొప్పకును ఒకే ప్రమాణము. అప్రయత్నముగ నోటివెంట వచ్చు ఒట్టునకు దేవుడు లెక్క యడుగడని 2వ సూరాయే యభయ మిచ్చుచున్నది. అయినను వృద్ధులు ఆ మాట విన్నప్పుడు ముఖము చిట్లింతురు. వారు చిట్లించుటయు మంచిదే. పరిహాసమునందు సత్యమే పలికిన ప్రవక్తను నమ్మినవారికి, అబద్ధపు వేళాకోళమునకు దేవుని సాక్షిగ పిలుచుట తగదు. కుంటివానిని కుంటివాడనుటకంటె నాకిది బరువైన తప్పుగా తోచుచున్నది, ఏలయన అందైనను ఒక నిజ మున్నది.

చాయ చల్లారుచుండును. సాయంసంధ్య నమాజగు మగ్రిబు వేళ యగునప్పుడు, అంతవరకు కూర్చుండి పోరాడినవారు లేచి, చేతులు కాళ్ళు కడిగికొని, ఒకే వరుసలో నిలుతురు. నమాజు ముగియునప్పుడు మొదట కుడివైపునకు, తరువాత ఎడమవైపునకు ముఖము త్రిప్పి సలాము పలుకవలెను గదా. ఒకవైపు తాను పొట్టివాడని పిలిచినవాడుండును, మరియొకవైపు తన్ను పెద్దచెవులవాడని పిలిచినవాడుండును. మరల చెప్పులు తొడిగికొనునప్పుడు ఆ పెద్దచెవులవాడు, పొట్టివాని చెప్పులను కావలెననియే ఎత్తైన అరపైన పెట్టి, వాడు మునివ్రేళ్ళపై నిలిచి అందుకొనుటను రెండు క్షణములు చూచి, తానే దించి యిచ్చును.