తెల్లని గోడలు - నల్లని మరక

 



భూమిలో సంచరించండి, మీకు పూర్వం గతించినవారి పర్యవసానం ఏమయిందో చూడండి అని దివ్యఖుర్ఆన్ అనేక చోట్ల మనల్ని ఆదేశిస్తుంది (3:137, 6:11, 30:9). ఇది కాలక్షేపం కోసం చేసే విహారయాత్ర కాదు, గుణపాఠం కోసం చేసే ప్రయాణం. కాళ్ళతో వెళ్ళలేనివారు కనీసం ఆలోచనతోనైనా వెళ్ళాలి. అటువంటి ఒక ప్రయాణాన్ని ఈ నెల మనం సికింద్రాబాద్ మోండా మార్కెట్ నుంచే మొదలుపెడదాం.

మోండా నుంచి మోండాకు

మూడవ నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలసిన ఊరు సికింద్రాబాద్. రైల్వే స్టేషన్‌కు దగ్గరలోని మోండా మార్కెట్ తెలియనివారు ఈ జంటనగరాల్లో అరుదు. కూరగాయల గంపలు, ఆకుకూరల కట్టలు, నిమ్మకాయల గుట్టలు, త్రాసుల చప్పుడు, బేరాల కేకలు - ఇదంతా మనకు రోజూ కనిపించేదే. అయితే సరిగ్గా ఇదే పేరుతో మరో మోండా ఉందని మనలో ఎంతమందికి తెలుసు? అది స్పెయిన్ దేశపు దక్షిణాన, మాలగా జిల్లాలో, కొండవాలున ఉన్న ఓ చిన్న గ్రామం. కొండ మీద పాతకోట, దాని కింద సున్నం కొట్టిన తెల్లని ఇళ్ళు, మెలికలు తిరిగే ఇరుకు సందులు. ఈ రెండు పేర్లకు చుట్టరికం ఉందని మేము చెప్పటం లేదు. పేరు కలిసింది కనుక ఒక మోండా నుంచి మరో మోండాకు నడిచి వెళదాం.

ఆ ప్రాంతాన్ని ఒకప్పుడు ముస్లిములు అందలుస్ అని పిలిచేవారు. క్రీ.శ. 711లో తారిఖ్ బిన్ జియాద్ సేన అక్కడ అడుగుపెట్టింది. 1492 వరకు, అంటే దాదాపు 780 సంవత్సరాలపాటు, ఆ దేశంలో ఎక్కడో ఒకచోట ముస్లిముల పరిపాలన సాగింది. ఈనాడు రోండా, కసారెస్, ఫ్రిగిలియానా వంటి తెల్లని ఊళ్ళను చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి యాత్రికులు వస్తారు. సియర్రా నెవాడా మంచుకొండల ఒడిలోని అల్పుహారా లోయలో పంపనేయిరా, బుబియోన్, కపిలేయిరా అనే గ్రామాలు ఒకదానిపై ఒకటి మెట్లు కట్టినట్లు ఉంటాయి. వాటి మట్టి డాబాలను చూస్తే మొరాకో దేశపు అట్లస్ కొండల్లోని ఇళ్ళు గుర్తుకొస్తాయి. ఆ గ్రామాలకు పైన సుమారు 3,480 మీటర్ల ఎత్తున నిలిచిన శిఖరం పేరు ముల్హసేన్. గ్రనాడా సుల్తాన్ అబుల్ హసన్ అలీని ప్రజలు మౌలాయ్ హసన్ అని పిలిచేవారు. ఆ పేరే అలా మారింది.

అక్కడి కొండవాలు పొలాలకు మంచునీరు చిన్న చిన్న కాలువల ద్వారా అందుతుంది. వాటిని స్పానిష్‌లో 'అసేకియా' అంటారు. అరబ్బీలోని 'అస్సాఖియా' అనే మాటే అది. ఎవరి పొలానికి ఏ వేళ నీరు పారాలో వంతులు ఏర్పరచుకుని, తగవు లేకుండా పంచుకునే పద్ధతి ఆ కాలం నుంచే వచ్చింది. తవ్వినవారి పేర్లు ఎవరికీ తెలియవు. వారి సమాధులు కూడా లేవు. కాని ఆ కాలువల్లో చాలావాటిలో నీరు ఇంకా పారుతూనే ఉంది. ఒక ముస్లిం మొక్క నాటినా, పైరు వేసినా, దాన్నుంచి మనిషో పక్షో పశువో తింటే అది అతని పక్షాన దానమవుతుందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు (బుఖారీ, ముస్లిం). మనిషి చనిపోయాక కూడా ఆగని పుణ్యాల్లో నిరంతరం కొనసాగే దానం ఒకటని కూడా ఆయన తెలిపారు (ముస్లిం). మనం పోయాక మన పేరున ఏ కాలువ పారుతుంది? ఈ ప్రశ్నను ఇక్కడే మూటగట్టుకుని ముందుకు పోదాం.

కూరగాయల బుట్టలో చరిత్ర

మోండా మార్కెట్‌లో మనం అడిగే నారింజను అరబ్బులు 'నారంజ్' అన్నారు, స్పెయిన్‌వారు 'నరాన్‌హా' అంటారు. మన చక్కెర అరబ్బుల నోట 'సుక్కర్', స్పెయిన్‌లో 'అసూకర్'. మన బైంగన్‌కు చుట్టమైన 'బాదింజాన్' అక్కడ 'బెరెన్‌హేనా' అయింది. వరి, చెరకు, వంకాయ, నారింజ వంటి తూర్పుదేశాల పంటలు అరబ్బు రైతుల చేతుల మీదుగానే ఆ కొండలకు చేరాయి. అంటే మన నేలకు, ఆ నేలకు మధ్య ఒక బుట్టెడు బంధుత్వం ఉంది.

ఇంకొక్క మాట. మన మార్కెట్‌లో ఉల్లిగడ్డలు, బియ్యం 'క్వింటాల్' లెక్కన తూస్తారు. ఈ మాట ఎక్కడిది? అరబ్బీలోని 'ఖిన్‌తార్' స్పెయిన్ మీదుగా యూరప్ భాషల్లోకి వెళ్ళి, అక్కడి నుంచి మన త్రాసు దాకా వచ్చింది. ఈ ఖిన్‌తార్ అనే పదం దివ్యఖుర్ఆన్‌లో ఉంది. గ్రంథప్రజల్లో ఖిన్‌తార్ కొద్దీ ధనం అప్పగించినా భద్రంగా తిరిగిచ్చేవారూ ఉన్నారని, ఒక్క దీనారు అప్పగించినా నెత్తిన కూర్చుంటే తప్ప ఇవ్వనివారూ ఉన్నారని ఆలి ఇమ్రాన్ సూరా తెలుపుతుంది (3:75). గమనించండి! ఇతరుల్లోని నిజాయితీపరుణ్ణి అల్లాహ్ తన గ్రంథంలో పేర్కొన్నాడు. మనం ఆ రెండు తరగతుల్లో ఎందులో ఉన్నామన్నదే మన ముందున్న ప్రశ్న. రోజుకు వందసార్లు క్వింటాల్ అనే నోరు ఒక్కసారైనా ఈ ఆయత్‌ను గుర్తుచేసుకుంటున్నదా?

అందలుస్ బజార్లలో తూనికలు, కొలతలు, కల్తీ సరుకు తనిఖీ చేయటానికి 'ముహ్‌తసిబ్' అనే అధికారి ఉండేవాడు. ముస్లిముల రాజ్యం పోయిన తరువాత కూడా ఆ కొలువు అవసరమనిపించి, క్రైస్తవ పాలకులు దాన్ని 'అల్మొతాసేన్' అనే పేరుతో కొనసాగించారు. ఇస్లాం నేర్పిన న్యాయమైన తూకం పరాయివారికి కూడా అంతగా నచ్చింది. అది మన దుకాణంలో లేకపోతే సిగ్గుపడవలసింది ఎవరు?

గోడలో దాగిన గ్రంథం

1491 చివర్లో గ్రనాడా లొంగుబాటు ఒప్పందం కుదిరింది. ముస్లిముల ధర్మానికి, మసీదులకు, ఆచారాలకు అందులో హామీ ఇచ్చారు. 1492 జనవరి 2న నగరం చేతులు మారింది. ఏడెనిమిదేళ్ళు తిరగకుండానే ఆ హామీలు గాలికి పోయాయి. 1499 నుంచి బలవంతపు మతమార్పిళ్ళు మొదలయ్యాయి. అరబ్బీ గ్రంథాలను నడివీధిలో తగులబెట్టారు. మతమన్నా మారాలి, దేశమన్నా విడవాలి అని 1502లో కాస్టిల్ రాజ్యంలో ఉత్తర్వు వెలువడింది. 1567 నాటి ఆజ్ఞలో అరబ్బీ మాట్లాడటం, తమ దుస్తులు ధరించటం, స్నానశాలలకు వెళ్ళటం నిషేధించారు. లోపల నమాజు జరగకుండా శుక్రవారాల్లో ఇంటి తలుపులు తెరిచి ఉంచాలని కూడా అందులో ఉంది. 1568లో అల్పుహారా ప్రజలు తిరగబడ్డారు. 1571 నాటికి ఆ తిరుగుబాటు అణగారింది. 1609 నుంచి 1614 వరకు సుమారు 3 లక్షల మందిని దేశం నుంచే వెళ్ళగొట్టారు.

మాలగా జిల్లాలోనే కూతర్ అనే మరో తెల్లని పల్లె ఉంది. 2003లో అక్కడ ఒక పాత ఇంటిని బాగుచేస్తుండగా గోడలోని ఒక గూడు బయటపడింది. అందులో మూడు అరబ్బీ రాతప్రతులు ఉన్నాయి. వాటిలో ఒకటి దివ్యఖుర్ఆన్! 1500 ప్రాంతంలో ఆ ఊరి ధర్మపండితుడు ముహమ్మద్ అల్ జయ్యార్ వాటిని దాచి, పైన గోడ కట్టేశాడు. ఐదు వందల ఏళ్ళు ఆ గోడకు ఎన్నిసార్లు సున్నం కొట్టి ఉంటారో! ఆ తెల్లదనం వెనుక అల్లాహ్ వాక్కు మౌనంగా ఉండిపోయింది.

సోదరులారా! ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆయన గ్రంథాన్ని ప్రాణభయంతో గోడలో దాచాడు. మనం ఏ భయమూ లేకుండా, జరీగుడ్డ చుట్టి, అలమారా పైఅరలో పెట్టి దాచేశాం. ఆయనకు తెరిచే అవకాశం లేకపోయింది. మనకు తెరిచే తీరిక లేకపోయింది. తలుపులు తెరిచి ఉంచాలన్న ఆంక్షల నడుమ కూడా అక్కడి తల్లిదండ్రులు బిడ్డల చెవుల్లో కలిమా ఊదారు. అరబ్బీ మరచిపోతున్న తరం కోసం స్పానిష్ మాటలనే అరబ్బీ లిపిలో రాసి ధర్మం నేర్పారు. ఐదుపూటలా అజాన్ వినిపించే బస్తీలో ఉండి మన పిల్లలకు కనీసం ఫాతిహా సూరా అర్థం కూడా నేర్పకపోతే, రేపు అల్లాహ్ సన్నిధిలో ఏ గోడ చాటున నిలబడగలం?

పోగొట్టుకున్నది ఎవరు?

అంతా శత్రువులే చేశారని చెప్పి కన్నీళ్ళు తుడుచుకోవటం తేలిక. కాని న్యాయంగా మాట్లాడాలి. పదకొండో శతాబ్దంలోనే అందలుస్ చిన్న చిన్న రాజ్యాలుగా ముక్కలయింది. సాటి ముస్లిం రాజును ఓడించటానికి క్రైస్తవ రాజులకు కప్పం కట్టి సాయం తెచ్చుకున్నవారున్నారు. 1485లో రోండా, 1487లో మాలగా, 1489లో బాజా ఒక్కొక్కటిగా పడిపోతున్న రోజుల్లో గ్రనాడా రాజకుటుంబంలో తండ్రి, కొడుకు, పినతండ్రి మధ్య సింహాసనం కోసం కలహాలు జరిగాయి. ఒక జాతి తనలో ఉన్నదాన్ని తాను మార్చుకోనంతవరకు అల్లాహ్ దాని స్థితిని మార్చడన్నది ఖుర్ఆన్ సూత్రం (13:11). ఆనాటి దౌర్జన్యానికి ఈనాటి మన పొరుగువాడు బాధ్యుడు కాడన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఒకరి భారాన్ని మరొకరు మోయరు (6:164).

మరొక ప్రమాదం గొప్పలు చెప్పుకోవటం. మోండా మార్కెట్‌కు ఎంతో దూరం లేని బేగంపేటలో స్పానిష్ మసీదు ఉంది. పాయ్‌గా నవాబు ఇక్బాలుద్దౌలా వికారుల్ ఉమరా స్పెయిన్‌లోని కార్డోబా మసీదు చూసి ముగ్ధుడై దీని నిర్మాణం చేపట్టారు. 1902లో ఆయన మరణించగా, 1906లో పని పూర్తయింది. గుర్రపు నాడా ఆకారపు కమానులతో, గుమ్మటాలకు బదులు సూదిమొన శిఖరాలతో అది ఠీవిగా నిలిచింది. ఏ మసీదును చూసి దీన్ని కట్టారో, ఆ మసీదు 1236 నుంచి చర్చిగా ఉంది. దాన్ని తలచి కట్టిన మసీదులో మాత్రం ఈనాడూ నమాజు జరుగుతోంది. ఎంత అదృష్టం! కాని దాని ముందు నిలబడి ఫొటో దిగి, జమాఅత్ వేళకు వెళ్ళిపోయేవాడికి ఆ అదృష్టంలో వాటా ఎంత? గతించిన సముదాయానికి అది సంపాదించుకున్నదే, మీకు మీరు సంపాదించుకున్నదే అని బఖరా సూరా (2:134) స్పష్టం చేసింది. కార్డోబా దీపాలు మన సమాధిలో వెలగవు.

సున్నం ఎక్కడ వేయాలి?

రంజాన్ వస్తుందంటే మనమూ ఇళ్ళకు సున్నాలు వేయిస్తాం. మంచిదే, పరిశుభ్రత విశ్వాసంలో భాగం. కాని గోడ తెల్లబడితే మనసు తెల్లబడదు. దాసుడు పాపం చేసినప్పుడు అతని హృదయంపై ఒక నల్లని మరక పడుతుంది, పశ్చాత్తాపపడి మానుకుంటే అది శుభ్రమవుతుంది, మళ్ళీ మళ్ళీ చేస్తే హృదయమంతా కమ్మేస్తుంది అని ప్రవక్త (స) బోధించారు. ఖుర్ఆన్ చెప్పిన తుప్పు ఇదేనని వివరించారు (తిర్మిజీ, ఇబ్నె మాజా). ఆ తుప్పు గురించిన ఆయత్ ఏ సూరాలో ఉందో తెలుసా? ముతఫ్ఫిఫీన్ సూరాలో (83:14). అది తూకంలో మోసం చేసేవారికి వినాశం తప్పదన్న హెచ్చరికతో ప్రారంభమయ్యే సూరా! త్రాసు దగ్గర మొదలైన మాట హృదయం దగ్గరకు ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోండి. పది గ్రాములు తగ్గిన ప్రతిసారీ ఆ మరక పడేది మన గుండె మీదనే.

ఒకనాడు మదీనా బజారులో ప్రవక్త (స) ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చారు. వేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పగా, జనానికి కనిపించేలా తడిదాన్ని పైన ఎందుకు పెట్టలేదని నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని తేల్చి చెప్పారు (ముస్లిం). మెత్తబడిన టమాటాలను అడుగున, నిగనిగలాడేవాటిని పైన పేర్చేటప్పుడు ఆ పవిత్ర హస్తం మన గంపలోకి వచ్చినట్లు ఊహించుకోండి. బరువు కోసం ఆకుకూరలపై నీళ్ళు చల్లేటప్పుడు, కాంటా ముల్లు నిలవకముందే సరుకు లాగేసేటప్పుడు ఈ మాట జ్ఞాపకం చేసుకోండి. కొనేవారికీ బాధ్యత ఉంది. గంపతల్లి చూడకుండా రెండు మిరపకాయలు ఎక్కువ వేసుకోవటం, పేదరాలి దగ్గర గీసిగీసి బేరమాడి పెద్ద షాపులో నోరెత్తకుండా చెల్లించటం కూడా న్యాయం కాదు.

అల్లాహ్‌కు ఎంతో ప్రీతికరమైన స్థలాలు మసీదులని, మిక్కిలి అప్రియమైనవి బజార్లని హదీసు తెలుపుతుంది (ముస్లిం). అదే సమయంలో సత్యసంధుడైన, నమ్మకస్థుడైన వ్యాపారి తీర్పుదినాన ప్రవక్తలతో, సత్యవంతులతో, అమరవీరులతో ఉంటాడన్న శుభవార్త కూడా ఉంది (తిర్మిజీ). అప్రియమైన చోటులో నిలబడి ఆ ఉన్నత స్థానాన్ని అందుకునే అవకాశం మోండా మార్కెట్‌లో కాంటా పట్టుకున్న ప్రతి విశ్వాసికీ ఉంది.

కనుక ఈ నెల మూడు పనులు చేద్దాం. ఇంట్లో పైఅరలో ఉన్న ఖుర్ఆన్‌ను కిందికి దించి, రోజూ కొన్ని ఆయత్‌లైనా తెలుగు తాత్పర్యంతో కుటుంబమంతా కలిసి చదువుదాం. తూచేటప్పుడు కాస్త మొగ్గు ఇచ్చి తూద్దాం. ఇది ప్రవక్త (స) ఆదేశం (అబూదావూద్, తిర్మిజీ). మనం పోయాక కూడా పారే ఒక కాలువను, అది ఒక పేద విద్యార్థి ఫీజు కావచ్చు, మంచినీటి కుళాయి కావచ్చు, నీడనిచ్చే చెట్టు కావచ్చు, ఈనాడే తవ్వటం మొదలుపెడదాం.

ఓ అల్లాహ్! మా గోడలకంటే ముందు మా హృదయాలను తెల్లగా చేయి. నీ గ్రంథాన్ని మా ఇళ్ళ గోడల్లో కాక మా జీవితాల్లో నిలుపు. ఈ లోకంలో మా త్రాసులను సరిచేసి, ఆ రోజున మా పుణ్యాల త్రాసును బరువుగా చేయి. ఆమీన్!