కొలిమీ, కరువూ

కష్టాలు మనిషిని కాల్చి మేలిమి చేస్తాయన్న మాట గుళ్లోనూ, చర్చిలోనూ వినిపిస్తుంది. బైబిలులో యెషయా గ్రంథం 48వ అధ్యాయం కూడా బాధను కొలిమితోనే పోల్చింది. ఫౌండ్రీ వైపు నుంచి చూస్తే ఈ పోలికలో ఒక చిక్కుంది. తెల్ల పోత ఇనుము సుత్తి దెబ్బకు పగులుతుంది. దాన్ని 900 డిగ్రీల పైచిలుకు వేడిలో గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉంచి మెల్లగా చల్లారిస్తే, లోపలి ఐరన్ కార్బైడ్ విడిపోయి కార్బన్ గ్రాఫైటు ముద్దలుగా చేరుతుంది. పెళుసుదనం తగ్గి లోహం కొంత సాగుతుంది. అదే ఇనుమును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే చాలాసార్లు బీటలిస్తుంది. నిప్పు రెండుచోట్లా ఉంది. మేలు చేసింది సెగను కనిపెట్టుకుని ఉన్న మనిషి. ఒకప్పుడు నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఉక్కు తీసినవాళ్లకూ ఈ ఓర్పు తెలుసు.

మనుషుల కష్టాల్లోనూ అంతే. మెదక్ చర్చినే చూడండి. మొదటి ప్రపంచ యుద్ధకాలపు కరువులో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆకలిగొన్నవారికి పనీ, తిండీ ఇచ్చి మొదలుపెట్టిన కట్టడమది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు వల్లే కదా ఇంత ఆలయం లేచిందంటారు. కరువొక్కటే చాలితే గింజలేని ప్రతి ఊళ్లోనూ గోపురం లేవాలి. దేవుడే కొలిమి దగ్గర కూర్చున్నాడు, సెగ ఎంతో ఆయనకు తెలుసనే జవాబు ఇంతకన్నా బలమైనది. నమ్మేవారికి అది ఊరట, కాదనను. అయితే పగిలిన పోతను మళ్లీ కరిగించవచ్చు, కరువులో పోయిన బిడ్డను తిరిగి తేలేం. పైగా ఇనుముకు నొప్పి లేదు. ఈ పోలిక చెప్పేవాళ్లు ఆ సంగతి తరచూ మరిచిపోతారు.