చెట్టుకు కట్టిన గుడ్డ, చెట్టుపై పడిన గొడ్డలి

ఇరాన్ దేశంలోని యజ్ద్ రాష్ట్రంలో, ఎడారి అంచున, అబర్కూహ్ అనే పట్టణం ఉంది. అక్కడ ఒక సర్వ్ చెట్టు, అంటే సైప్రస్ చెట్టు, నేటికీ పచ్చగా నిలబడి ఉంది. దాని ఎత్తు సుమారు 25 మీటర్లు. వయసు నాలుగు వేల సంవత్సరాలకు పైమాటేనని అంచనా. ఆ అంచనా నిజమైతే, పారశీక దేశంలో ఇస్లాం అడుగుపెట్టే నాటికే అది రెండు వేల ఏళ్ళు దాటిన వృక్షం. దాన్ని జర్దుష్త్ నాటాడని కొందరు, నూహ్ (అలై) కుమారుడు యాఫిస్ నాటాడని మరికొందరు చెప్పుకుంటారు. ఈ రెండు మాటలకూ ఆధారం లేదు. కాని అంత ముసలి చెట్టు ఎదుట నిలబడినప్పుడు మనిషి మనసు ఏదో ఒక గొప్ప పేరు కోసం వెతుక్కుంటుంది.

పారశీక జానపద సంప్రదాయంలో ముసలి చెట్టుకు ఉన్న స్థానం చిన్నది కాదు. ముఖ్యంగా సర్వ్, చినార్ చెట్లకు. ఊరి చివర నీటి ఊట దగ్గరో, ఇమామ్‌ల సంతతివారి సమాధుల (వీటిని అక్కడ ఇమామ్‌జాదా అంటారు) ఆవరణలోనో ఒక పెద్ద చెట్టు ఉంటుంది. దాని కొమ్మలకు రంగురంగుల గుడ్డపేలికలు కట్టి ఉంటాయి. అలాంటి చెట్టును ‘దరఖ్తె మురాద్’ అంటారు. కోరిక తీర్చే చెట్టు అని అర్థం. ‘మురాద్’ అనే ఈ మాట మన ఇళ్ళలోనూ వినబడేదే. ‘మురాద్ పూరీ హుయీ’ అనని ఇల్లు మనలో అరుదు. అటువంటి చెట్టును నరికితే నరికినవాడి ఇంట్లో చావు తప్పదని పల్లెల్లో గట్టి నమ్మకం. ఖజ్విన్ ప్రాంతంలోని జరాబాద్ గ్రామంలో ఒక ఇమామ్‌జాదా పక్కన ఉన్న చినార్ నుండి ఆషూరా తెల్లవారుజామున రక్తం కారుతుందని నమ్మి ఏటేటా వేలమంది చేరుతారు. కోరికలతో వచ్చేవారు పల్లెవాళ్ళే అనుకోవడానికి కూడా వీల్లేదు. 19వ శతాబ్దంలో టెహ్రాన్‌లోని నాసిరుద్దీన్ షా అంతఃపురంలో సైతం ఒక చినార్ చెట్టుకు కొవ్వొత్తులు వెలిగించి మొక్కుకునేవారు.

ఒక సంగతి ఇక్కడ గమనించాలి. యజ్ద్ ప్రాంతంలోనే చక్‌చక్ అనే కొండ మీద జర్దుష్తీల పుణ్యస్థలం ఒకటి ఉంది. అక్కడా ఒక ముసలి చినార్ ఉంది. చివరి సాసానీ చక్రవర్తి యజ్ద్‌గిర్ద్ కుమార్తె చేతికర్రే అలా చెట్టయిందని వారి కథ. అంటే మతం మారినా చెట్టు మారలేదు. నిన్న ఒక రాకుమార్తె పేరుతో మొక్కిన చేతులే నేడు ఒక ఇమామ్‌జాదా పేరుతో మొక్కుతున్నాయి. ఈ ఆచారం ఇస్లాం నుండి పుట్టింది కాదని చెప్పడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే గుడ్డ కట్టే మనిషిని చూసి నవ్వడం తేలిక, అర్థం చేసుకోవడం కష్టం. జ్వరంతో మూలిగే బిడ్డను చంకన వేసుకుని వచ్చిన తల్లిని ఊహించండి. హకీము దగ్గరికి వెళ్ళింది, తగ్గలేదు. తన తల్లీ, ఆమె తల్లీ కూడా ఇదే చెట్టు కిందికి వచ్చారు. వాళ్ళందరూ పోయారు, చెట్టు ఉంది. ఇంతమందిని చూసినది, ఇన్ని కరువులను దాటినది, తన మాట కూడా వింటుందేమో అనుకుంటుంది. నిలిచి ఉన్నదాని దగ్గర పోయేవాడికి ఆశ పుట్టడం మానవ సహజం. మన ఊళ్ళలో దర్గా ఆవరణలోని వేపకొమ్మలకు దారాలు, పిల్లల కోసం చిన్న చిన్న ఉయ్యాలలు కట్టే తల్లుల మనసులోనూ ఉన్నది ఇదే.

మరి తప్పు ఎక్కడ ఉంది? పారశీకులు ఈ గుడ్డ కట్టడాన్ని పిలిచే పేరులోనే ఉంది. దాన్ని వారు ‘దఖీల్ బస్తన్’ అంటారు. దఖీల్ అంటే శరణు జొచ్చినవాడు. గుడ్డ ముడి వేయడమంటే, నేను నీ శరణులోకి వచ్చాను, నా పని అయ్యేదాకా నన్ను విడువకు అని చెప్పడం. ఇది ప్రేమ కాదు, గౌరవం కాదు, దుఆ. దుఆ ఎవరిని ఉద్దేశించి చేస్తామో వారినే ఆరాధించినట్లు. ఆ చెట్టు ఎంత ముసలిదైనా తన వేరుకు నీరు తాను తెచ్చుకోలేదు. వాన కురిపించేవాడు వేరే ఉన్నాడు. సూర్యచంద్రులు, నక్షత్రాలు, కొండలు, చెట్లు అన్నీ అల్లాహ్‌కు సజ్దా చేస్తున్నాయని దివ్యఖుర్ఆన్ సూరా హజ్‌లో తెలుపుతోంది. స్వయంగా సజ్దాలో ఉన్నదాన్ని పట్టుకుని మన అవసరాలు అడగడం దానికీ అన్యాయమే.

దైవప్రవక్త (స) కాలంలోనే ఈ సమస్య ఎదురైంది. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయం తరువాత సైన్యం హునైన్ వైపు సాగుతోంది. బహుదైవారాధకులకు ‘జాతు అన్వాత్’ అనే చెట్టు ఒకటి ఉండేది. దానికి ఆయుధాలు తగిలించి శుభం కోరుకునేవారు. అప్పుడే ఇస్లాం స్వీకరించిన కొందరు, మాకూ అటువంటి చెట్టును ఏర్పాటు చేయండని దైవప్రవక్త (స)ను అడిగారు. మూసా (అలై) జాతివారు విగ్రహాలను చూసి మాకూ ఒక దేవుణ్ణి చేసిపెట్టమని అడిగిన మాటతో ఆయన దీన్ని పోల్చారు. తిర్మిజీలో హజ్రత్ అబూ వాఖిద్ లైసీ (రజి) ద్వారా వచ్చిన ఉల్లేఖనమిది. మందలింపు తీవ్రమైనదే. కాని అడిగినవారిని ఆయన వెళ్ళగొట్టలేదు. వారు ఆ ప్రయాణంలోనే, ఆ సైన్యంలోనే కొనసాగారు. మన ఇంట్లో ఒక పెద్దావిడ దారం కట్టి వస్తే కేకలు వేసేవారు ఈ భాగాన్ని కూడా చదవాలి.

తప్పు చెట్టుది కానప్పుడు చెట్టును ఏం చేయాలి? నరికేస్తే సరిపోతుందా? మన యువకుల్లో కొందరు వెంటనే ‘అవును’ అంటారు. వారి కోసం పారశీకుల జ్ఞాపకంలో ఇప్పటికీ మానని ఒక గాయం గురించి చెప్పాలి.

ఖురాసాన్‌లోని కష్మర్‌లో ఒక మహా సర్వ్ వృక్షం ఉండేది. గుష్తాస్ప్ రాజు తమ మతాన్ని స్వీకరించినందుకు గుర్తుగా జర్దుష్త్ దాన్ని నాటాడని జర్దుష్తీలు నమ్మేవారు. అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ అప్పట్లో ఇరాక్‌లోని సామర్రా దగ్గర కొత్త రాజభవనం కట్టిస్తున్నాడు. చెట్టు గొప్పతనం విని, దాన్ని నరికి భవనానికి కలపగా పంపమని ఖురాసాన్ పాలకుడికి ఆజ్ఞ పంపాడు. 12వ శతాబ్దంలో బైహఖ్ చరిత్ర రాసిన ఇబ్నె ఫుందుఖ్ ఈ ఉదంతాన్ని వివరంగా చెప్పాడు. చెట్టును విడిచిపెడితే 50 వేల దీనార్లు ఇస్తామని జర్దుష్తీలు బతిమాలుకున్నారట. వినలేదు. చెట్టు కూలినప్పుడు నేల అదిరిందట. కొమ్మల్లో గూళ్ళు కట్టుకున్న పక్షులు ఆకాశం కనబడనంతగా లేచి అరిచాయట. దాని నీడన పడుకునే గొర్రెలూ ఆవులూ రోదించాయట. కొమ్మలను మోయడానికే 1,300 ఒంటెలు పట్టాయట. కలప సామర్రాకు ఒక్క మజిలీ దూరంలో ఉండగా, 861వ సంవత్సరం డిసెంబరులో, ముతవక్కిల్ తన సొంత తుర్కీ అంగరక్షకుల చేతిలోనే హతుడయ్యాడు.

ఈ ‘అట’లలో ఎంత చరిత్ర ఉందో, ఎంత శోకం ఉందో విడదీయడం కష్టం. సంఘటన జరిగిన మూడు వందల ఏళ్ళకు రాసిన వివరాలివి. కాని జనం దీన్నుంచి తీసిన సారాంశం మాత్రం ఒక్కటే, చెట్టు పగ తీర్చుకుంది అని. దీన్ని మనం ఒప్పుకోలేము. ఖలీఫా హత్య వెనుక కుమారుడు ముంతసిర్‌తో విరోధం, తుర్కీ సేనానుల కుట్ర ఉన్నాయని చరిత్రకారులు రాశారు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ప్రజలు ఈ రెంటినీ ముడిపెట్టారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు. ఎవరి చావు పుట్టుకల కోసమూ సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. సొంత కొడుకు విషయంలోనే అలాంటి మాట ఒప్పుకోని ప్రవక్త అనుచరులం, చెట్టు శపించిందన్న మాటను ఎలా నమ్ముతాం?

అయితే చెట్టు పగ పట్టలేదన్నంత మాత్రాన గొడ్డలి న్యాయమైనది కాబోదు. ముతవక్కిల్ ఆ చెట్టును తౌహీద్ కోసం నరకలేదు, దూలాల కోసం నరికాడు. ఆయన పాలనలో, ఆయన రక్షణలో ఉన్న ప్రజలు చేతులు జోడించి బతిమాలుతుంటే నరికించాడు. మనవాడని ఆ పనిని వెనకేసుకు రావలసిన అవసరం మనకు లేదు. ఆ ఒక్క గొడ్డలి దెబ్బ పారశీకుల మనసులో చెట్టును మరింత పవిత్రం చేసిందే తప్ప తక్కువ చేయలేదు. కాదంటే అబర్కూహ్‌కు వెళ్ళి చూడవచ్చు.

ఉమర్ (రజి) నరికించలేదా అని అడుగుతారు. హిజ్రీ 6లో హుదైబియాలో సహాబాలు ఒక చెట్టు కింద దైవప్రవక్త (స) చేతిలో ప్రమాణం చేశారు. సూరా ఫతహ్‌లో ఆ ప్రమాణం ప్రస్తావన ఉంది. తరువాతి రోజుల్లో జనం ఆ చెట్టు దగ్గరికి వెళ్ళి నమాజు చేస్తున్నారని తెలిసి ఉమర్ (రజి) దాన్ని నరికించారని ఇబ్నె సాద్ గ్రంథంలో నాఫె ద్వారా ఉంది. అయితే ఆయన కుమారుడు అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమర్ (రజి) మాట బుఖారీలో మరోలా ఉంది. మరుసటి ఏడాది తాము వెళ్ళినప్పుడు ఆ చెట్టు ఏదో ఇద్దరు కూడా ఒక్కటిగా చెప్పలేకపోయారని, అది అల్లాహ్ కారుణ్యమని ఆయన అన్నారు. ప్రమాణం చేసినవారిలో ఒకరైన ముసయ్యబ్ (రజి) కూడా దాన్ని గుర్తుపట్టలేకపోయారు. రెండు ఉల్లేఖనాలనూ కలిపి చూస్తే తెలిసేదేమిటి? జనం గుమిగూడినది అసలు చెట్టు దగ్గర కాకపోవచ్చు, వాళ్ళు అదే అనుకున్న మరో చెట్టు దగ్గర కావచ్చు. కింద కూర్చుని ప్రమాణం చేసినవారే మరిచిపోతే, చూడనివారు వచ్చి కనిపెట్టారు! మొక్కుబడి చెట్ల చరిత్ర చాలావరకు ఇంతే. పోతే, ఉమర్ (రజి) గొడ్డలి ఒక పాలకుడు ఒక చోట ఒక ఆరాధనను ఆపడానికి వాడినది. అది ప్రతివాడి చేతికీ ఇచ్చిన గొడ్డలి కాదు.

ఎందుకంటే అదే ధర్మంలో చెట్టు నరికేవాడికి హెచ్చరికా ఉంది. రేగు చెట్టును నరికినవాడిని అల్లాహ్ తలకిందులుగా నరకంలో వేస్తాడని అబూదావూద్‌లో హదీసు ఉంది. ఇంత చిన్న పనికి అంత పెద్ద శిక్షా అని అడిగినవారికి ఇమామ్ అబూదావూద్ స్వయంగా వివరణ ఇచ్చారు. బాటసారులూ పశువులూ నీడకోసం చేరే ఎడారి చెట్టును, ఏ హక్కూ లేకుండా, అన్యాయంగా, వృథాగా నరికేవాడి గురించి ఈ మాట అని. ఇక్కడ ఆ చెట్టు పవిత్రమైనదని కాదు కారణం. దాని నీడలో ఒక మనిషికీ ఒక మేకకూ హక్కు ఉంది కాబట్టి. మొక్క నాటితే దాన్నుంచి పక్షి తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా నాటినవాడికి సదఖా పుణ్యమన్న హదీసు మనందరికీ తెలిసినదే. అబూబక్ర్ (రజి) సిరియాకు పంపిన సైన్యానికి ఫలవృక్షాలను నరకవద్దని ఆదేశించారు.

ఒక చేదు నిజం ఒప్పుకోవాలి. ఆ మూఢభయమే ఇరాన్‌లో ఎన్నో చెట్లను కాపాడింది. చుట్టుపక్కల వంటచెరుకుకూ బొగ్గుకూ అడవి తరిగిపోయిన చోట్ల సమాధుల ఆవరణల్లో మాత్రం పెద్ద చెట్లు మిగిలాయి. గొడ్డలి ఎత్తినవాడి చేయి శాపానికి భయపడి దిగిపోయింది. ఇప్పుడు మనం వెళ్ళి, శాపం లేదు గీపం లేదు అని చెబితే, నిజమే చెప్పినట్లు. కాని అంతటితో ఆపితే ఆ చెట్టుకు ఉన్న ఒక్క కాపలాదారునూ మనం పంపేసినట్లు. శాపం లేదు అని చెప్పిన నోటితోనే, హక్కు ఉంది, లెక్క ఉంది, ప్రళయదినాన అడిగేవాడున్నాడు అని చెప్పాలి. భయపడవలసింది చెట్టుకు కాదు, చెట్టును పుట్టించినవానికి. మొదటి సగం చెప్పి రెండో సగం మింగేసే ఉపన్యాసాలు మనకు చాలా ఉన్నాయి. గుడ్డ విప్పించడానికి ఉన్న ఉత్సాహం, ఆ వేపచెట్టుకు ఎండాకాలంలో రెండు బిందెల నీళ్ళు పోయడానికి ఉండదు.

చెట్టును ఆరాధించకుండా ప్రేమించడం సాధ్యమా అంటే, మదీనా మస్జిదులోని ఖర్జూరపు మొద్దు సంగతి చూడాలి. దైవప్రవక్త (స) మొదట్లో దానికి ఆనుకుని ఖుత్బా ఇచ్చేవారు. మింబర్ తయారయ్యాక మొద్దును వదిలి దాని మీదికి ఎక్కారు. అప్పుడు ఆ మొద్దు పసిపిల్లలా ఏడ్చింది, మస్జిదులోని వారంతా విన్నారు. ఆయన ఖుత్బా ఆపి, దిగివచ్చి, దాన్ని దగ్గరికి తీసుకుని ఊరడించారు. తన దగ్గర వినబడుతుండిన దైవస్మరణ దూరమైనందుకు అది ఏడ్చిందని చెప్పారు. ఇది బుఖారీలో హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా ఉంది. ప్రవక్త కౌగిలించుకున్న ఆ మొద్దుకు సహాబాలు మొక్కుకున్నట్లు ఏ ఉల్లేఖనమూ లేదు. తరువాత మస్జిదును మార్చి కట్టినప్పుడు ఉబై ఇబ్నె కఅబ్ (రజి) దాన్ని తన ఇంటికి తీసుకువెళ్ళారని, చెదలు తిని పొడి అయ్యేదాకా అది ఆయన ఇంట్లోనే ఉందని ఇబ్నె మాజాలో ఉంది.