ఊపిరి ఆగిన ఘడియలో

ధ్యానభాగము: మార్కు సువార్త 9వ అధ్యాయము, 14 నుండి 29 వచనములు



ప్రభువు కొండ దిగి వచ్చునప్పటికి క్రింద ఒక గుంపు కూడి యుండెను. శాస్త్రులు ఒక ప్రక్క, శిష్యులు ఒక ప్రక్క నిలిచి వాదించుకొనుచుండిరి. వారి నడుమ ఒక తండ్రి, అతని వ్యాధిగ్రస్తుడైన కుమారుడు. వాదము పెద్దదగుచుండెను, బిడ్డ సంగతి ఎవరికిని పట్టలేదు.

ఈ భాగమును మేము అనేక పర్యాయములు బోధించితిమి. వేదాంత పాఠశాలలో దీని మీద పరీక్షయు వ్రాసితిమి. అయినను దీనిని మేము నిజముగా చదివినది, ఆరేండ్ల మా చిన్నవానికి మూర్ఛ వచ్చిన రాత్రి తరువాతనే.

ఆ రాత్రి వాడు నిద్రలో ఒక్క కేక వేసి కొయ్యవలె బిగుసుకొనిపోయెను. కన్నులు పైకి తిరిగెను. రొమ్ము కదలలేదు. పెదవులు నేరేడుపండు రంగునకు వచ్చెను. వాని తల్లి ముక్కు దగ్గర వ్రేలు పెట్టి చూచి, "ఊపిరి లేదండీ" అనెను. మేము నేర్చిన ప్రార్థనలన్నియు మరచిపోయి "యేసయ్యా" అను ఒక్క పేరు మాత్రమే పలుకగలిగితిమి. పిమ్మట కాలుసేతులు కొట్టుకొని, గురకవలె ఒక శ్వాస వచ్చెను. అది నిమిషమైనను కాదట. మాకు అది ఒక యుగము.

ఇరుగుపొరుగువారు పరుగెత్తుకొని వచ్చిరి. ఒకరు తాళపుచెవుల గుత్తి చేతిలో పెట్టిరి. ఒకరు ఉల్లిపాయ వాసన చూపిరి. పండ్ల నడుమ చెంచా జొనిపినది మేమే; వాని పాలపన్ను ఒకటి విరిగెను.

అంతకంటె పెద్ద తప్పు తరువాత చేసితిమి. విజయవాడలో డాక్టరుగారు బిళ్లలు వ్రాసిరి. ఆరు నెలలు మూర్ఛ రాలేదు. అప్పుడు ఒక ప్రార్థన కూటములో బిడ్డ స్వస్థపడెనని చెప్పిరి. ఇంకను బిళ్లలు మింగించినయెడల, పాస్టరు ఇంటిలోనే విశ్వాసము లేదందురేమోయని మానిపించితిమి. నాలుగవ దినమున తెలివి రాకుండనే ఒకదాని వెంట ఒకటిగా మూర్ఛలు వచ్చెను. 108 బండిలో వాని తల ఒడిలో పెట్టుకొని పోయితిమి. దేవుడు బిడ్డను మాకు తిరిగి ఇచ్చెను. ఆ దోషము ప్రార్థన చేసినవారిది కాదు. మనుష్యుల మాటకు వెరచిన మాది. ఇది వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము. అయినను మీలో ఏ తల్లిదండ్రులైన ఇదే తప్పు చేయకుందురుగాక అని వ్రాయుచున్నాము.

ఇప్పుడు వాక్యమును చూతము. ప్రభువు మొదట ఆ తండ్రిని ఏమి అడిగెను? ఇది వీనికి ఎంత కాలమునుండి వచ్చుచున్నదని అడిగెను. వైద్యుడు అడుగు ప్రశ్న అదియే. నీవేమి పాపము చేసితివని ఆయన అడుగలేదు. ఈ జబ్బు దయ్యము పట్టుటయేనని మన ఊళ్లలో అనుకొనువారు కలరు. అమావాస్య, పౌర్ణములను చూచి భయపడువారును కలరు. మత్తయి సువార్త 4:24 చూడుడి. అక్కడ దయ్యముపట్టినవారు వేరు, చాంద్రరోగులు వేరు. ప్రతి మూర్ఛను దయ్యమని పిలుచుటకు వాక్యము మనకు సెలవియ్యదు.

ప్రార్థనవలననే ఇట్టిది వదలునని ప్రభువు చెప్పెను గదా అందురేమో. ఆ మాట చెప్పినది శిష్యులకు, ఇంటిలో, ఏకాంతముగా. తండ్రి మీద గాని బిడ్డ మీద గాని ఆ నింద మోపలేదు. హిజ్కియా రాజు ప్రార్థనను దేవుడు ఆలకించెను. ఆలకించిన పిమ్మటనే అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టిరి (2 రాజులు 20:7). ప్రార్థనయు మందును ఒకే ఇంటిలో నుండవచ్చును. మన ప్రాంతపువారు అనేకులు ఎరిగిన వెల్లూరు క్రైస్తవ వైద్యశాలలో, 1949లో డాక్టరు జేకబ్ చాండీగారు మెదడు శస్త్రచికిత్సా విభాగమును స్థాపించిరి. మూర్ఛరోగమునకు అక్కడ 1952లోనే శస్త్రచికిత్స చేసిరి. ప్రభువు నామమున ప్రార్థించు చేతులే కత్తిని పట్టినవి.

ఊపిరి ఏల ఆగునో తల్లిదండ్రులు తెలిసికొనవలెను. మెదడులోని విద్యుత్తు ఒక్కసారిగా అదుపు తప్పగా కండరములన్నియు బిగియును. రొమ్ము కండరములును బిగియుటచే శ్వాస కొద్దిసేపు నిలుచును, పెదవులు నీలమగును. బిగువు సడలగానే సాధారణముగా శ్వాస తిరిగి వచ్చును. కావున బిడ్డను ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడి. నురుగు బయటికి పోవును, నాలుక గొంతునకు అడ్డుపడదు. తల క్రింద మెత్తని బట్ట పెట్టుడి. మెడ దగ్గర గుడ్డలు వదులు చేయుడి. నోటిలో ఏదియు పెట్టకుడి, నీళ్లు పోయకుడి, కాలుసేతులు అదిమి పట్టకుడి. గడియారము చూడుడి. 5 నిమిషములు దాటినను, తెలివి రాకుండ మరల వచ్చినను, కొట్టుకొనుట ఆగిన పిమ్మట శ్వాస రాకున్నను, వెంటనే 108కు ఫోను చేయుడి. డాక్టరు చెప్పక బిళ్లలు మానకుడి. ప్రపంచములో సుమారు 5 కోట్లమందికి ఈ జబ్బు కలదు. తగిన మందు క్రమముగా వాడినయెడల నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ బ్రదుకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఆ తండ్రి మరియొక మాట చెప్పెను: ఈ జబ్బు బిడ్డను అగ్నిలోను నీళ్లలోను పడవేయుచుండెనట. 1957లో పూర్తియైన ప్రకాశం బారేజీ నుండి పారు కాలువలు మన డెల్టాకు అన్నము పెట్టుచున్నవి. అయినను మూర్ఛగల బిడ్డకు కాలువ రేవు ప్రమాదస్థలము; పొయ్యియు అట్టిదే. వానిని ఒంటరిగా స్నానమునకు పంపకుడి. అట్లని ఇంటిలో బంధింపకుడి. వానిని బడికి పంపుడి, సండేస్కూలులో ముందు వరుసలో కూర్చుండబెట్టుడి. ఇది అంటు జబ్బు కాదు. వాని పళ్లెమును వేరు చేయకుడి.

మా సంఘములో ఒక మామ్మగారు ఉన్నారు. ఒక ఆదివారము ఆరాధనలో మా వానికి మూర్ఛ రాగా అందరును లేచి గుంపుగూడిరి. ఆమె మాత్రము నేల మీద చదికిలబడి, వానిని ప్రక్కకు తిప్పి, "గాలి ఆడనివ్వండర్రా, పక్కకు జరగండి" అని అదలించి, వాడు కన్ను తెరచువరకు వీపు నిమురుచుండెను. ఆ దినమున మేము సిద్ధపరచుకొనిన ప్రసంగము కంటె అది గొప్ప ప్రసంగము.

ఆ తండ్రి తనలో నమ్మకమును ఉన్నది, నమ్మలేమియు ఉన్నదని ప్రభువు నెదుట దాచక ఒప్పుకొనెను. ప్రభువు అతనిని త్రోసివేయలేదు. బిడ్డ కదలక పడియుండగా చచ్చెనని అనేకులు అనిరి. ప్రభువు చేయి పట్టి లేవనెత్తెను. మా ఇంటిలో మూర్ఛ ఇంకను పూర్తిగా పోలేదు. ప్రతి రాత్రి బిళ్ల వేసి, ప్రార్థించి, వాని ప్రక్కనే పరుండుచున్నాము. అర్ధరాత్రి మెలకువ వచ్చి వాని రొమ్ము మీద చేయి వేసి చూచినప్పుడెల్ల, మా చేతి మీద మరియొక చేయి ఉన్నదని నమ్ముచున్నాము.

ప్రార్థన: జీవవాయువు నూదిన తండ్రీ, మా బిడ్డల శ్వాస నీ చేతిలో నున్నది. మందును వాడు బుద్ధిని, కాచుకొను ఓపికను, సిగ్గుపడని ప్రేమను మా సంఘములకు దయచేయుము. ఆమేన్.